పెన్షను అందుకున్న ప్రకృతి శాస్త్రవేత్త: వాలెస్

జీవపరిణామం అనగానే అందరికీ డార్విన్ గుర్తుకు వస్తారు. ప్రకృతి వరణమనే అదే సిద్ధాంతాన్ని విడిగా కనుగొన్న మరొక మహనీయుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ఆయన కథలో పెన్షను ప్రసక్తి కూడా ఉన్నందున ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

వాలెస్ 1823 జనవరి 8న వేల్స్ ప్రాంతంలోని అస్క్‌లో జన్మించారు. ఇంట్లో డబ్బు ఇబ్బంది వల్ల 14వ ఏటే బడి మానేశారు. అన్నగారి వెంట భూములు సర్వే చేస్తూ, ఆ పొలాల్లోనే మొక్కలను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. 1848లో మిత్రుడు బేట్స్‌తో అమెజాన్ అడవులకు వెళ్ళారు. పట్టిన పురుగులను, పక్షులను లండను ఏజెంటు ద్వారా అమ్మించుకోవడమే జీవనాధారం. 1852లో తిరిగి వస్తుండగా నడిసముద్రంలో ఓడ తగలబడి, వెంట తెచ్చుకున్న సేకరణ దాదాపు అంతా బూడిదైంది. పది రోజులు చిన్న పడవలో గడిపి బతికి బయటపడ్డారు.

మరొకరైతే ఇంటిపట్టున ఉండేవారు. ఆయన 1854లో మలయా ద్వీపాలకు వెళ్ళి ఎనిమిదేళ్ళు తిరిగి, 1,25,660 నమూనాలు సేకరించారు. బాలి, లోంబోక్ ద్వీపాల మధ్య ఉన్నది ఒక జలసంధి మాత్రమే. అయినా ఇటు ఆసియా పక్షులు, అటు ఆస్ట్రేలియా తరహా పక్షులు ఉండడం గమనించారు. ఆ సరిహద్దునే నేటికీ వాలెస్ రేఖ అంటారు. 1858లో జ్వరంతో ఉన్న రోజుల్లో సిద్ధాంతం స్ఫురించగా, వ్యాసం రాసి డార్విన్‌కు పంపారు. ఇరవై ఏళ్ళుగా అదే విషయం మీద పనిచేస్తున్న డార్విన్ నిర్ఘాంతపోయారు. జులై 1న లండనులోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలూ చదివారు. దూరాన ఉన్న వాలెస్‌ను ఎవరూ అడగలేదు. నాకైతే అది సబబుగా తోచదు. ఆయన మాత్రం జీవితాంతం డార్విన్‌ను గౌరవిస్తూనే ఉన్నారు.

కొన్ని గొంగళిపురుగులకు అంత కొట్టొచ్చే రంగులెందుకని 1867లో డార్విన్ అడిగితే, తినడానికి పనికిరామని పక్షులకు ముందే తెలిపే హెచ్చరికలవి అని ఊహించినది వాలెసే. తర్వాతి పరీక్షలలో అది నిలిచింది.

ఇంత చేసినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1864లో కోరిన భౌగోళిక సంఘం పదవి బేట్స్‌కు దక్కింది. 1878లో ఎప్పింగ్ అడవి పర్యవేక్షకుడి పదవికి పెట్టిన దరఖాస్తూ ఫలించలేదు. పెట్టుబడులు మునిగాయి. పరీక్ష పేపర్లు దిద్ది సంసారం ఈదారు. భూమి బల్లపరుపు కాదని పందెం గెలిచి కూడా కోర్టు ఖర్చులతో నష్టపోయారు!

ఆ ఇబ్బందిని డార్విన్ చెవిన వేసినది అరబెల్లా బక్లీ. ఆమె భూగర్భ శాస్త్రవేత్త లయల్ వద్ద కార్యదర్శిగా పనిచేశారు, అంటే మన ఆఫీసు వర్గం మనిషే. వాలెస్‌కు ఆత్మలతో మాట్లాడే పిచ్చి ఉందని హుకర్ మొదట అడ్డుచెప్పారు. ఆ నమ్మకం ఉన్నమాట నిజమే. డార్విన్ వదలకుండా అర్జీ తయారుచేసి, పెద్దల సంతకాలు సేకరించి ప్రధాని గ్లాడ్‌స్టన్‌కు పంపారు. 1881 జనవరిలో ఏడాదికి 200 పౌన్ల పెన్షను మంజూరైంది. ఫైలు వెంట పడేవాడు ఒకడుంటే ఎంత తేడానో మనకు తెలియనిది కాదు.

అప్పటికి వాలెస్‌కు 58 ఏళ్ళు. మరుసటి ఏడే డార్విన్ కన్నుమూయగా, ఆయన పార్థివ శరీరాన్ని మోసిన వారిలో వాలెస్ ఒకరు. ఆ తరువాత కూడా పుస్తకాలు రాస్తూ, తోట పెంచుకుంటూ 31 ఏళ్ళు పైగా జీవించి, 1913 నవంబరు 7న బ్రాడ్‌స్టన్‌లోని స్వగృహంలో 90వ ఏట పరమపదించారు.