కోడి రామమూర్తి నాయుడు: ఊపిరిని వశపఱచుకొన్న మల్లుడు

బలమనగా కండయే యని తలచువారు లోకమున నెక్కువ. కలియుగ భీముడని ఖ్యాతిగాంచిన కోడి రామమూర్తి నాయుడుగారి చరిత్రము ఈ తలంపును సవరింపగలదు. ఆయన బలమునకు కండ ఎంత ఆధారమో ఊపిరియు నంతే. ప్రాణాయామమను మాట నేడు వీధివీధిని వినవచ్చుచున్నది. దాని నెట్లు నేర్వవలెను, ఎట్లు నేర్పవలెను అను ప్రశ్నకు ఆయన జీవితమున గొప్ప పాఠము కలదని మేము భావింతుము.

రామమూర్తిగారు 1882లో వీరఘట్టమున జన్మించిరి. ఆ గ్రామము నేటి పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. బాల్యమున విజయనగరములో పోలీసు కొలువుననున్న పినతండ్రి యింట పెరిగిరి. పుస్తకముల కంటె తాలీంఖానా యందే ఆయన మనస్సు నిలిచినది. కుస్తీలు పట్టి, దండీలు, బస్కీలు తీసి దేహమును గట్టిపఱచుకొనిరి. పిమ్మట మదరాసు చెంతనున్న సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులైరి. లోకము వారిని సర్కసు వీరునిగానే యెఱుగును. అంతకుముందు వారు బడిపంతులని మఱువరాదు.

ఆ కొలువు విడిచి వారు సర్కసు సంఘమును స్థాపించి దేశమంతయు తిరిగిరి. ఱొమ్మునకు ఉక్కుగొలుసు చుట్టించుకొని, నిండుగా గాలి పీల్చి బంధించి, ఛాతీ నుప్పొంగించి గొలుసును త్రెంపెడివారు. ఇరుప్రక్కల రెండు మోటారుకార్లను గొలుసులతో తమ భుజములకు కట్టించుకొని, అవి ముందుకు సాగకుండ నిలిపెడివారు. ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొనెడివారు. చూచినవారు మంత్రమనుకొనిరి. ఇందు మంత్రమేమియు లేదు. ఊపిరితిత్తుల నిండ గాలి నింపి, కంఠద్వారమును మూసి, పొట్టకండరములను బిగించినచో మొండెము గాలినిండిన చక్రమువలె గట్టిపడును. పైబడిన బరువు ఒక్క యెముక మీదనే నిలువక అంతటికిని పంచబడును. బరువులెత్తు క్రీడాకారులు నేటికిని ఈ యుపాయమునే వాడుచున్నారు.

అవి పరపాలన దినములు. 1905 వంగవిభజనానంతరము వందేమాతర నినాదము ఊరూర మ్రోగుచుండెను. భారతీయుడు దుర్బలుడను నింద పాలకుల నోట వినిన జనులకు, శాకాహారియై బ్రహ్మచర్యము పాటించిన యొక తెలుగువాడు యంత్రములను నిలుపుట కన్నుల పండువయ్యెను. సీమకుపోయి ఐదవ జార్జి చక్రవర్తి మెప్పు పొంది, ఇండియన్ హెర్క్యులీస్ అను బిరుదు గైకొనెనని ప్రసిద్ధి. దాని కంటె సామాన్యులకు తమ దేహములపై కలిగించిన విశ్వాసమే గొప్ప బిరుదమని మా యభిప్రాయము.

అయితే చూచినవారు గొలుసు తెగుటనే చూచిరి. ఏండ్లతరబడి జరిగిన సాధనను చూచినవారెందఱు? స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో సింహమును, ఏనుగును, పులిని మచ్చిక చేసినట్లే వాయువును మెల్లమెల్లగా వశపఱచుకొనవలెననియు, తొందరపడిన అది సాధకునే చంపుననియు హెచ్చరించెను. వన్యమృగమును మచ్చిక చేయు శ్రమ యెట్టిదో సర్కసు నడిపిన రామమూర్తిగారి కొకరు చెప్పనక్కఱలేదు. పతంజలియు యమనియమములను, ఆసనమును ముందుంచి, పిమ్మటనే ప్రాణాయామమును చెప్పెను. ఈ క్రమము ఆచారముకొఱకు కాదు, రక్షణకొఱకు.

తుదిదినములు సుఖముగ గడువలేదు. కాలికి పుట్టిన వ్రణము ముదిరి కాలు తీసివేయవలసివచ్చెను. ఆ శస్త్రచికిత్సలో మత్తుమందు నిరాకరించి ప్రాణాయామముతో బాధ నోర్చుకొనెనని జనులు చెప్పుకొందురు. ఒడిస్సాలోని బలంగీరు ప్రాంతమున 1942లో కన్నుమూసిరి. ఏనుగును మోసిన దేహమునకును రోగము తప్పలేదు. ప్రాణాయామము సర్వరోగనివారిణి యని చెప్పువారు ఈ ఘట్టమును స్మరింపవలెను. అది వ్రణమును మాన్పలేదు, మనస్సును నిలిపియుండవచ్చును. ఆ మేరకే దానిని గౌరవించుట న్యాయము.

2015 నుండి ఏటేట జూన్ 21వ తేదీన అంతర్జాతీయ యోగదినము జరుగుచున్నది. 2025లో ఆనాడు విశాఖ సాగరతీరమున లక్షలాది జనులు కూడి ఆసనములు వేసిరి. ఆ తీరపు దారిలోనే రామమూర్తిగారి విగ్రహమున్నది. ఒక్క ఉదయపు ఉత్సాహము మంచిదే. కాని విద్య ఒక్క ఉదయమున రాదు.

కావున ఉత్తరమున వీరఘట్టము మొదలు దక్షిణమున నెల్లూరు సీమలోని బుచ్చిరెడ్డిపాలెము వఱకు, బడి ఆటస్థలములందు పిల్లలకు ఊపిరి నేర్పబూను ఉపాధ్యాయులకు మా మనవి యిది. మొదట నిటారుగ కూర్చుండుట, మెల్లగా పీల్చి అంతకంటె మెల్లగా విడుచుట మాత్రమే నేర్పుడు. కుంభకమునకు తొందరపడకుడు, ఎవరెంతసేపు బిగబట్టుదురో యని పందెములు పెట్టకుడు. ఊపిరి బిగబట్టి శక్తికొలది ముక్కునపుడు రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగును. కావున గుండెజబ్బు, రక్తపుపోటు కలవారికిని, గర్భిణులకును ఇది తగదు. తల తిరిగిన వెంటనే మానిపించుడు. గొలుసు త్రెంపువాడు ఏ నూఱేండ్లకో యొకడు పుట్టును. నెమ్మదిగ ఊపిరి విడిచి, కోపమును దిగమ్రింగి, పని మీద మనస్సు నిలుపువారు ప్రతి తరగతిలోను తయారుకావచ్చును. విజయనగరపు ఆ బడిపంతులకు మన మీయగల నివాళి అదియే.