తలపై రూ.50 వేల రివార్డు.. మంచం ఎక్కనని శపథం.. ‘నౌషేరా సింహం’ బ్రిగేడియర్ ఉస్మాన్ గురించి తెలుసా?

ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా యూనివర్సిటీ ఖబరస్తాన్‌లో ఓ సైనికుడి సమాధి ఉంది. 2020 డిసెంబర్‌లో ఆ సమాధి దెబ్బతిన్న ఫొటోలు బయటకొచ్చాయి. అవి చూసి మాజీ సైనికులు చాలా బాధపడ్డారు. ఆ తర్వాత ఆర్మీనే ముందుకొచ్చి దాన్ని బాగు చేసింది. ఆ సమాధి బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్‌ది. 1948లో ఆయన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. అలాంటి వీరుడి పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? ఇంతకీ ఆయన ఏం చేశారు?

బావిలోకి దూకిన పిల్లాడు

ఉస్మాన్ 1912 జులై 15న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బీబీపూర్‌లో పుట్టారు. తండ్రి పోలీసు అధికారి. బావిలో పడ్డ ఓ చిన్నారి కోసం పన్నెండేళ్ల వయసులోనే ఉస్మాన్ లోపలికి దూకేశారని చెబుతారు. కొడుకు కూడా పోలీసు కావాలని తండ్రి ఆశ. కానీ ఉస్మాన్ మనసు మాత్రం ఆర్మీ మీదే. ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో సీటు సాధించి, తర్వాత బలూచ్ రెజిమెంట్‌లో ఆఫీసర్ అయ్యారు.

పాకిస్తాన్ పిలిచినా వెళ్లలేదు

1947లో దేశంతో పాటు సైన్యాన్ని కూడా రెండుగా పంచారు. బలూచ్ రెజిమెంట్ పాకిస్తాన్‌కు వెళ్లింది. తమవైపు వస్తే ఎప్పటికైనా ఆర్మీ చీఫ్ పదవి దక్కుతుందని ఆయనకు పాకిస్తాన్ నేతలు ఆశ చూపారంటారు. ఉస్మాన్ మాత్రం భారత్‌లోనే ఉండిపోయారు. ఆయన్ను డోగ్రా రెజిమెంట్‌కు మార్చారు.

ఝంగర్ పోయింది.. మంచం వదిలేశారు

కొన్ని నెలల్లోనే కశ్మీర్‌లో యుద్ధం మొదలైంది. జమ్మూ ప్రాంతంలోని నౌషేరాలో ఉన్న 50 పారా బ్రిగేడ్ బాధ్యత ఉస్మాన్‌కు దక్కింది. నౌషేరాకు దగ్గర్లోనే ఝంగర్ ఉంది. మీర్‌పూర్, కోట్లీ నుంచి వచ్చే రోడ్లు కలిసేది అక్కడే. అందుకే ఆ ఊరు చాలా కీలకం. 1947 డిసెంబర్ 25న ఝంగర్ శత్రువుల చేతికి చిక్కింది. దాన్ని తిరిగి గెలిచే దాకా మంచం మీద పడుకోనని ఉస్మాన్ శపథం చేశారు. గడ్డకట్టే చలిలో కూడా నేల మీద చాప పరుచుకునే నిద్రపోయారు.

నౌషేరా నిలబడింది

1948 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున వేల మంది శత్రువులు నౌషేరాపై విరుచుకుపడ్డారు. తైన్‌ధార్ దగ్గర ఓ చిన్న పికెట్‌ను కాపాడుతూ నాయక్ జదునాథ్ సింగ్ ప్రాణాలిచ్చారు. ఆయనకు పరమవీర చక్ర దక్కింది. ఊళ్లోని అనాథ పిల్లలతో ఉస్మాన్ ఓ బాలసేన తయారు చేశారు. తూటాల మధ్యే ఆ పిల్లలు సైనికులకు సందేశాలు చేరవేశారు. చివరికి శత్రువు భారీ నష్టంతో వెనుదిరిగాడు. ఉస్మాన్‌కు ‘నౌషేరా సింహం’ అన్న పేరొచ్చింది. ఆయన తల తెచ్చినవాళ్లకు రూ.50 వేలు ఇస్తామని పాకిస్తాన్ వైపు నుంచి ప్రకటన వచ్చింది. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు.

మార్చి 18న ఝంగర్ మళ్లీ మన చేతికొచ్చింది. శపథం తీరింది కాబట్టి సార్‌కు మంచం వేయాలి. కానీ బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్స్‌లో ఒక్క మంచం కూడా లేదు! పక్క ఊరి నుంచి ఒకటి అడిగి తెచ్చారు. ఆ రాత్రి ఉస్మాన్ దాని మీదే పడుకున్నారు.

పుట్టినరోజుకు 12 రోజుల ముందు..

ఝంగర్‌ను మళ్లీ లాక్కోవాలని శత్రువులు ఫిరంగులతో దాడులు ఆపలేదు. 1948 జులై 3 సాయంత్రం ఓ షెల్ ఉస్మాన్‌కు దగ్గర్లోనే పేలింది. ఆయన అక్కడికక్కడే కన్నుమూశారు. మరో 12 రోజులు గడిస్తే 36 ఏళ్లు నిండేవి. ఆ యుద్ధంలో అమరులైన భారత అధికారుల్లో అందరికంటే పెద్ద ర్యాంకు ఆయనదే. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

ఉస్మాన్ పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చేసేవారు. ఆయన పేరు మోయడానికి సొంత పిల్లలు లేరు. అందుకే ఆయన్ను గుర్తుపెట్టుకోవాల్సింది దేశమే. ఏటా జులై 3న సైనికులు ఝంగర్‌లో ఆయనకు నివాళులు అర్పిస్తారు. పగిలిన సమాధిని బాగు చేయడం ఆర్మీ వంతు. ఆయన పేరు మర్చిపోకుండా చూసుకోవడం మన వంతు.