సంజీవయ్య వదిలిన నిచ్చెన

దామోదరం సంజీవయ్యను నిరాడంబరుడని, నిజాయితీపరుడని పొగిడి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ పొగడ్తల మాటున కార్మిక మంత్రి సంజీవయ్య మరుగున పడ్డారు. ఆయన పేరు వింటే నాకు మాత్రం నాచారం పారిశ్రామికవాడ గుర్తుకొస్తుంది.

1921లో కర్నూలు సమీపాన పెద్దపాడులో ఒక మాల కుటుంబంలో ఆయన పుట్టారు. పసికందుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. అనంతపురం దత్తమండల కళాశాలలో పట్టా పొందినా దొరికినవి తాత్కాలిక కొలువులే. రేషనింగ్ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. ఆ నిచ్చెనను వదిలి మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, రాజకీయాల్లోకి వచ్చారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1960 జనవరిలో, 38 ఏళ్లకే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ఆ గుమాస్తా కుర్చీలోనే ఉండిపోతే ఎన్ని మెట్లు ఎక్కనిచ్చేవారు? ఈ ప్రశ్న నన్ను వదలదు.

1964లో శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ ఆయనకు దక్కింది. మరుసటి ఏడాది బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన కార్మికుడికి, యాజమాన్యానికి లాభం వచ్చినా రాకున్నా, వేతనంలో 4 శాతం కనీస బోనస్ హక్కుగా మారింది. ఆ శాతం తర్వాత పెరిగింది.

నాచారంలో ఒక కర్మాగారంలో మా నాన్న హెల్పర్. దసరాకు మాకు కొత్తబట్టలు వచ్చేవి ఆ బోనస్‌తోనే. లేత్ యంత్రం మీద ఆయన పని నేర్పిన కుర్రాళ్లు ఒక్కొక్కరే సూపర్‌వైజర్లయి, ఆయనకే హాజరు వేసేవారు. వారిలో మా వాడకట్టు వాళ్లెవరూ లేరు. నాన్న హెల్పర్‌గానే పదవీ విరమణ చేశారు. ఆయన పనిచేసిన రోజులను చట్టం లెక్కపెట్టింది గానీ హోదా ఎందుకు మారలేదని ఏ చట్టమూ అడగలేదు.

అక్కడికి దగ్గరలోనే, ఉప్పల్ రోడ్డున, కేంద్ర పరిశోధన సంస్థలున్నాయి. ప్రభుత్వ కొలువుల్లో ఎస్సీ, ఎస్టీల పదోన్నతులకూ రిజర్వేషన్ వర్తింపజేసే వీలును 1995లో 77వ రాజ్యాంగ సవరణ కల్పించింది. అమలుపై తగువులు ఇంకా తెగలేదు, అది వేరే కథ. కనీసం అడగడానికి అక్కడ ఒక అధికరణం ఉంది. నాచారం గేట్ల లోపల అదీ లేదు.

సంజీవయ్య 1972లో కన్నుమూశారు. ఏటా జయంతికి దండలు వేసే ప్రభుత్వాలను నేను కోరేది ఒక్కటే: ప్రతి ప్రైవేటు కర్మాగారమూ ఆ ఏడాది ఎవరెవరికి పదోన్నతి ఇచ్చిందో సామాజిక వర్గాల వారీగా గేటు పక్కనే, బోనస్ నోటీసు అంటించే బోర్డు మీదే, ప్రకటించాలి.