కేరీగారి కుటుంబము బంగాళములో గడిపిన తొలి దినములు

ధ్యాన భాగము: ఆదికాండము 12:1-5, హెబ్రీయులకు 11:8-9

అబ్రాహాము తన ఊరు విడిచి బయలుదేరిన సంగతి చదువునప్పుడు శారయి సంగతి మనము అంతగా తలంచము. పిలుపు భర్తకు వచ్చినది. మూట కట్టుకొని వెంట నడిచినది ఆమె.

విలియం కేరీగారి కథ మన సండేస్కూలు పిల్లలు సహితము చెప్పగలరు. చెప్పులు కుట్టుకొని బ్రదికిన ఒక యువకుడు అనేక భాషలలోనికి దేవుని వాక్యమును తెచ్చిన పండితుడాయెను. అయితే ప్రియులారా, ఈ నెల ఆ గొప్ప కార్యములను కొంచెము ప్రక్కకు ఉంచి, వారు క్రొత్తగా ఈ దేశమునకు వచ్చినప్పుడు ఎట్లు కాపురముండిరో చెప్పదలచితిని.

ఆయన 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లాండులోని పాలర్స్‌పరీ అను గ్రామములో పుట్టెను. 1781లో డారతీ ప్లాకెట్ అను ఆమెను వివాహమాడెను. ఆమె ఆయనకంటె అయిదేండ్లు పెద్దది. అప్పటికి చేవ్రాలు చేయుటకైనను అక్షరములు రానిది. ఇద్దరు ఆడపిల్లలను పసితనములోనే మట్టిలో పెట్టిన తల్లి. 1793లో భర్త ఇండియాకు పోవుదునని చెప్పినప్పుడు ఆమె నిండు గర్భిణి. నేను రానని ఖండితముగా చెప్పెను. ఆమెను మనము నిందించుట న్యాయము కాదు. మన పడుచులు ప్రక్క తాలూకాకు కాపురమునకు పోవునప్పుడే ఎంత ఏడ్చుదురు!

కేరీగారు పెద్ద కుమారుడు ఫెలిక్సును మాత్రము తీసికొని ఓడ ఎక్కెను. కంపెనీవారి అనుమతి లేనందున ఆ ఓడనుండి దిగవలసివచ్చెను. తిరిగి ఇంటికి వచ్చునప్పటికి చంటిబిడ్డ జాబెజ్ కొన్ని వారముల వాడు. సహపనివాడైన డాక్టరు థామసు ఆమెను మిక్కిలి బలవంతపెట్టెను. చెల్లెలు కిట్టీ తోడు వచ్చినయెడల వత్తునని ఆమె ఒప్పుకొనెను. జూన్ 13వ తేదీన నలుగురు మగబిడ్డలతో డెన్మార్కువారి ఓడలో బయలుదేరి, అయిదు నెలలు సముద్రముమీద గడిపి, నవంబరు 11వ తేదీన కలకత్తా చేరిరి.

కలకత్తాలో ఖర్చు అధికము. తెచ్చిన సరకులు అమ్మి దానితో జీవించవలెనని తలంచిరి గాని, ఆ సొమ్ము థామసుగారి చేతిలో త్వరలోనే కరిగిపోయెను. ఆయన భక్తిగలవాడే, లెక్క తెలియనివాడు. ఇట్టివారు ప్రతి సంఘములోను ఒకరైనను ఉందురు. కుటుంబము మొదట బందేలుకు మారెను. అక్కడ కీర్నాండర్ అను వృద్ధ మిషనెరీగారిని కలిసికొనిరి. తరువాత మాణిక్‌తలాలో ఒక బంగాళీ ధనికుడు అద్దె లేకుండ ఇచ్చిన చిన్న ఇంటిలో ఉండిరి. దొరసానికిని పెద్దపిల్లలకును రక్తవిరేచనములు పట్టుకొనెను. రొట్టె దొరకదు, అన్నము పడదు. థామసుగారు పట్టణములో సుఖముగా ఉండగా మాకు ఈ గతి ఏమిటని అక్కచెల్లెండ్రిద్దరు కేరీగారిని నిలదీసిరి. ఆయన తన దినచర్య పుస్తకములో ఈ దుఃఖమును దాచక వ్రాసికొనెను.

1794 ఫిబ్రవరిలో వారు పడవమీద సుందరవనముల వైపు దేభట్టాకు పోయిరి. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశములో ఉన్నది. ఉప్పు శాఖలో ఉద్యోగియైన షార్టు దొర అప్పటికి విశ్వాసి కాకపోయినను, ముఖపరిచయము లేని ఈ కుటుంబమును తన ఇంట చేర్చుకొనెను. కేరీగారు అడవి నేల సంపాదించి, వెదురుతోను తడికలతోను ఇల్లు కట్టసాగిరి. చుట్టును పులులు. ఇంతలో మాల్దా ప్రాంతమున నీలిమందు కర్మాగారమును చూచుకొను పని దొరికెను. జీతము నెలకు 200 రూపాయలు. మే నెలలో మరల పడవ ఎక్కి మూడు వారములు నదిమీద ప్రయాణము చేసిరి. కిట్టీ మాత్రము వెళ్లలేదు. షార్టు దొరను పెండ్లాడి అక్కడనే నిలిచెను. ఎవరిని నమ్ముకొని డారతీ ఓడ ఎక్కెనో ఆ చెల్లెలు కూడ దూరమాయెను.

మదనాబతిలో కేరీగారికి పని ఇష్టమైనది. తోట వేసెను; ఇంగ్లాండునుండి విత్తనములు, కొడవళ్లు, నాగటి సామాను పంపుమని వ్రాసెను. తనకు జీతమున్నది గనుక ఇక సొమ్ము పంపనక్కరలేదని కూడ సొసైటీవారికి తెలిపెను. వారు సంతోషించుటకు మారుగా, వర్తకములో పడి సేవ మరచిపోవద్దని హెచ్చరించిరి! నీలిమందు పని ఏడాదికి కొన్ని నెలలే. తక్కిన కాలమున రెండు చిన్న పడవలు తీసికొని గ్రామములు తిరిగెను. ఒకటి పండుకొనుటకు, ఒకటి వంటకు. కుర్చీ, బల్ల, మంచము, దీపము, ఇవే సామాను. పగలు కాలినడకను ఊరూరు తిరిగి, రాత్రికి పడవ చేరును. ఇరువది మైళ్ల చదరములో దాదాపు 200 గ్రామములు ఆయన సంచరించు ప్రదేశము. మున్షీ నేర్పిన భాష వేరు, పొలములోని రైతు మాట వేరు. తాను చెప్పినది వారికి సరిగా తెలియుట లేదని ఆయన గ్రహించి, సంతలలో జనుల మాట వినుచు నేర్చుకొనెను.

ఆ 1794 అక్టోబరులోనే అయిదేండ్ల పేతురు విరేచనములతో చనిపోయెను. కేరీగారు కూడ జ్వరముతో మంచము పట్టి అప్పుడప్పుడే లేచుచుండిరి. కర్మాగారములో వడ్రంగులున్నను పెట్టె చేయుటకు ఒక్కడును ముందుకు రాలేదు. కులము పోవునని భయము. నలుగురు మహమ్మదీయులు గొయ్యి త్రవ్విరి. అందుకు ఆ ఊరివారు వారిని వెలివేయ చూచిరి. బిడ్డను మోయుటకు సహితము మనుష్యులను బ్రతిమాలవలసివచ్చెను. కులము చేసిన గాయములు మన పల్లెలలో తెలియనివి కావు గనుక దీనిని నేను విస్తరించి వ్రాయను.

1795లో డారతీ మతి చలించెను. భర్తమీద లేనిపోని అనుమానములు, కేకలు, కొట్టబోవుట. అది దయ్యమని గాని, విశ్వాసలోపమని గాని మనము అనరాదు. అది దేహమునకు జ్వరమువలె మనస్సునకు వచ్చు వ్యాధి. ఈ కాలమున దానికి వైద్యమున్నది. మన ఇండ్లలో ఎవరికైనను అట్టి లక్షణములు కనబడినయెడల ప్రార్థించుచునే ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఆ కాలమున గదిలో ఉంచి కాపాడుట తప్ప వేరు మార్గము లేకపోయెను. కొందరు ఆమెను పిచ్చి ఆసుపత్రిలో వేయుమని చెప్పిరి గాని కేరీగారు ఒప్పుకొనలేదు. ప్రక్క గదిలో ఆమె కేకలు వినబడుచుండగా ఆయన బంగాళీ తర్జుమా చేసెను.

1800 జనవరిలో వారు శ్రీరామపురము చేరిరి. ఆ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన కృష్ణపాల్ అను వడ్రంగి బాప్తిస్మము పొందెను. వచ్చిన ఏడేండ్లకు దొరికిన మొదటి ఫలము. 1801లో బంగాళీ క్రొత్త నిబంధన అచ్చయ్యెను. 1814లో కేరీగారి తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు శ్రీరామపురపు ముద్రాక్షరశాలనుండి వెలువడెను. అప్పటికి డారతీగారు సమాధి చేయబడి పది సంవత్సరములు దాటెను. ఆమె 1807 డిసెంబరు 8వ తేదీన జ్వరముతో కన్నుమూసెను. పండ్రెండేండ్లు చీకటిలో గడిపిన ఆమె ఇంగ్లాండును తిరిగి చూడలేదు.