క్రిస్మస్ కథను తెలుగులోకి తెచ్చిన డెస్ గ్రాంజెస్ దొర

 

డిసెంబరు వచ్చేసింది. కొండ మీంచి మంచు దిగుతోంది. పొద్దున్నే బోరింగు కాడ స్నానమంటే అందరికీ వణుకే. వరండాలో వెదురు పుల్లలతో నక్షత్రం కడుతున్నారు. దానికి రంగు కాగితం అంటించడానికి వంటమ్మ గంజి కూడా ఇచ్చింది. ఈ నెల గోడపత్రికలో క్రిస్మస్‌కు తగ్గట్టు ఒక మిషనరీ జీవితం రాయమని మాస్టారు చెప్పారు. నేను రాస్తున్నది మన ఉత్తరాంధ్రలోనే ఉండి, మన ఉత్తరాంధ్రలోనే కన్ను మూసిన ఒక కుర్ర పాదిరీ గురించి. ఆయన పేరు అగస్టస్ డెస్ గ్రాంజెస్. ఆయనతో పాటు ఆయన స్నేహితుడు జార్జి క్రాన్ గురించి కూడా చెప్పాలి. ఒకరిని విడిచి ఒకరి కథ చెప్పడం కుదరదు.

ఓడ ఎక్కిన రోజులు

ఇంగ్లండులో 1795లో లండన్ మిషనరీ సొసైటీ అనే సంఘం పుట్టింది. దూరదేశాలు వెళ్ళి క్రీస్తు మతం బోధించే యువకులను అది తయారు చేసేది. గాస్‌పోర్ట్ అనే ఊళ్ళో డేవిడ్ బోగ్ అనే పండితుడు వారికి పాఠాలు చెప్పేవారు. మన క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ ఆయన శిష్యులే.

ఇండియాకు రావాలంటే అప్పట్లో ఒక చిక్కు ఉండేది. ఇక్కడ పెత్తనం ఈస్టిండియా కంపెనీ వారిది. వాళ్ళది వ్యాపారం. పాదిరీలు వస్తే జనంలో అలజడి రేగి తమ వ్యాపారం, రాజ్యం పాడవుతాయని వాళ్ళ భయం. అందుకని మిషనరీలను తమ ఓడలు ఎక్కనిచ్చేవారు కాదు. తెల్లవాళ్ళంతా ఒకటేనని మనం అనుకుంటాం గానీ అది నిజం కాదన్నమాట. మిషనరీలు రావడానికి వీలుగా చట్టం మారింది 1813లో. మన ఇద్దరూ అంతకు ముందే బయలుదేరారు కాబట్టి డెన్మార్కు వాళ్ళ ఓడ ఎక్కవలసి వచ్చింది. రింగెల్‌టాబె అనే ఇంకో మిషనరీ కూడా వారితో వచ్చారు.

అప్పటికి సూయజ్ కాలువ లేదు. అది తెరిచింది 1869లో. ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి నెలల తరబడి సముద్రం మీద ఉండాలి. 1804 డిసెంబరులో వాళ్ళు తరంగంబాడిలో దిగారు. ఇప్పుడు తమిళనాడులో ఉన్న ఆ ఊరు అప్పుడు డెన్మార్కు వాళ్ళది. అలాగ మన దేశంలో వాళ్ళ మొదటి క్రిస్మస్ దిగిన నెలలోనే వచ్చింది. వాళ్ళ దేశంలో డిసెంబరంటే పొయ్యి దగ్గర కూర్చోవలసిన చలి. ఇక్కడ తాటిచెట్లు, ఎండ, తెలియని భాష. రింగెల్‌టాబె తరవాత తిరువాన్కూరు వైపు వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరూ మద్రాసు మీదుగా ఉత్తరానికి వచ్చారు.

విశాఖపట్నంలో దినచర్య

1805 జూలై 18న వాళ్ళు విశాఖపట్నం చేరారు. తెలుగు ప్రాంతంలో స్థిరంగా ఉండి పనిచేసిన మొదటి ప్రొటెస్టంట్ మిషనరీలు వీరేనని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు. ఇప్పటి విశాఖపట్నాన్ని తలుచుకుని వాళ్ళ జీవితాన్ని ఊహించకండి. అప్పుడది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఒక కోట, కొందరు కంపెనీ ఉద్యోగులు, సిపాయిలు, పల్లెకారులు, నేతగాళ్ళు, వర్తకులు. అంతే.

ఆదివారం కోటలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళకు వాళ్ళ భాషలోనే ఆరాధన జరిపించేవారు. అది సులువైన పని. మిగతా రోజుల పనే కష్టం. పిల్లలకు బడి పెట్టారు. దాని మధ్యలో తామే మళ్ళీ బడిపిల్లల్లాగ మారి, పంతులు గారి దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నారు.

ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకోవాలంటే మనకు గ్రామరు పుస్తకం ఉంది, డిక్షనరీ ఉంది. వాళ్ళకు ఏమీ లేవు. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషు వాళ్ళ కోసం విలియం కేరీ రాసిన వ్యాకరణం అచ్చయింది 1814లో. బ్రౌన్ దొర నిఘంటువు 1850ల్లో వచ్చింది. వీళ్ళు వచ్చింది 1805లో. అంటే చెవే వాళ్ళ పుస్తకం. వీధి బడుల్లో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దే కాలం అది. పెద్దలు తాటాకుల మీద గంటంతో రాసేవారు. పాతికేళ్ళు దాటిన మనిషి మళ్ళీ అ ఆ ఇ ఈ దగ్గర మొదలెట్టాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

1805 క్రిస్మస్ నాటికి వాళ్ళు విశాఖ వచ్చి అయిదు నెలలు. క్రిస్మస్ అంటే ఏసుక్రీస్తు పుట్టిన పండగ. ఆ పుట్టుక కథ చెప్పాలనే అంత దూరం వచ్చారు. కానీ ఎదుటి మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పడానికి నోట్లో మాట లేదు. ఆ కథ వినడానికి చిన్నదే. సత్రంలో చోటు లేక తల్లి బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. రాత్రి మందను కాసుకుంటున్న కాపరులు చూడడానికి వచ్చారు. తూర్పు నుంచి జ్ఞానులు చుక్కను చూసుకుంటూ వచ్చారు. ఇందులో సత్రం, తొట్టి, మంద, కాపరి అనే ప్రతి మాటకూ ఇక్కడి రైతు, ఇక్కడి గొల్లవాడు ఏ మాట వాడతాడో తెలిస్తేనే కథ కథలాగుంటుంది. లేకపోతే దొర భాషే. అందుకే ఇద్దరూ నిర్ణయించుకున్నారు, ముందు సువార్తలను తెలుగులోకి తేవాలని.

1806 జూలైలో వేలూరులో సిపాయిల తిరుగుబాటు జరిగింది. దాని తరవాత మిషనరీల మీద కంపెనీ వాళ్ళలో అనుమానం ఇంకా పెరిగింది. అయినా విశాఖలో పని ఆగలేదు.

ఆనందరాయరు రాక

ఇక్కడ మూడో మనిషి పేరు చెప్పాలి. ఆనందరాయరు. ఆయన బ్రాహ్మణుడు. టిప్పు సుల్తాను పటాలంలో లెక్కలు రాసిన మనిషి. మోక్షం కోసం ఒక పెద్దాయన చెప్పినట్టు ఒక మంత్రాన్ని నాలుగు లక్షల సార్లకు పైగా గుడిలో కూర్చుని జపించారట. మనసు కుదుట పడలేదు. తరవాత క్రైస్తవ పుస్తకాలు చదివి, తరంగంబాడి వెళ్ళి, అక్కడ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరవాత విశాఖ చేరి వీరితో కలిశారు.

ఆ రోజుల్లో అలాగ మారిన మనిషికి ఇల్లూ వాకిలీ, కులమూ బంధువులూ అన్నీ దూరమయ్యేవి. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది ఎవరి మనసు వారిది. నేను చెప్పేది ఆయన పని గురించి. ఇంగ్లీషు దొరలకు కథ తెలుసు, తెలుగు అంతంత మాత్రం. ఆనందరాయరుకు చదువు ఉంది, భాష మీద పట్టు ఉంది. ఇద్దరి తెలివీ కలిస్తేనే తర్జుమా నడిచింది. పుస్తకాల మీద పేరు దొరలదే ఎక్కువ కనబడుతుంది గానీ, ఆయన చెయ్యి లేకపోతే ఆ పని అయ్యేది కాదు.

అంతకు సుమారు 80 ఏళ్ళ కిందట బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ మద్రాసులో బైబిలును తెలుగు చేశారు. అది అచ్చు కాలేదు. చేతిరాతలోనే ఉండిపోయింది. కాబట్టి విశాఖ వాళ్ళు మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టవలసి వచ్చింది.

శ్రీకాకుళంలో ఆఖరి క్రిస్మస్ రోజులు

1808 క్రిస్మస్ వచ్చేసరికి క్రాన్ ఆరోగ్యం దెబ్బతిని ఉంది. 1809 జనవరి 6న ఆయన శ్రీకాకుళంలో చనిపోయారు. ఇంగ్లీషు వాళ్ళు అప్పట్లో ఆ ఊరిని చికాకోల్ అని పిలిచేవారు. సన్నటి బట్టకు పేరుపడిన ఊరు. విశాఖ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. మనం బస్సులో రెండు మూడు గంటల్లో వెళ్ళిపోతాం. అప్పుడు పల్లకీలోనో ఎడ్లబండిలోనో పోవాలి.

జనవరి 6కి ఒక విశేషం ఉంది. క్రిస్మస్ నుంచి లెక్కపెడితే పన్నెండు రోజులు గడిచాక వచ్చే రోజు అది. తూర్పు జ్ఞానులు చుక్కను చూసుకుంటూ బిడ్డ దగ్గరికి చేరిన రోజుగా క్రైస్తవులు దాన్ని తలుచుకుంటారు. ఆ రోజునే క్రాన్ ప్రయాణం నాగావళి ఒడ్డున ముగిసింది. మన దేశం వచ్చి నాలుగేళ్ళే అయింది.

డెస్ గ్రాంజెస్‌కు అది పెద్ద దెబ్బ. ఒకే బడిలో చదివి, ఒకే ఓడలో వచ్చి, ఒకే ఇంట్లో ఉండి, ఒకే బల్ల దగ్గర తెలుగు దిద్దుకున్న స్నేహితుడు పోయాడు. అయినా ఆయన వెనక్కి వెళ్ళలేదు. ఆనందరాయరుతో కూర్చుని తర్జుమా నడిపించారు. 1809 క్రిస్మస్ క్రాన్ లేకుండా జరిగింది. మళ్ళీ క్రిస్మస్ చూసే భాగ్యం డెస్ గ్రాంజెస్‌కు లేకపోయింది. 1810 జూలై 12న విశాఖపట్నంలో ఆయన కూడా కన్ను మూశారు. వయసు ముప్పై ఏళ్ళకు అటూ ఇటూ. తెలుగు నేలను తొక్కి అయిదేళ్ళకు ఆరు రోజులు తక్కువ.

ఆయన చనిపోయేసరికి మత్తయి, మార్కు, లూకా అనే మూడు సువార్తలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. వాటిని బెంగాలులోని శ్రీరాంపూరుకు పంపారు. అక్కడ కేరీ గారి అచ్చు కార్యాలయం ఉండేది. 1812 మార్చి 11న ఆ కార్యాలయం కాలిపోయింది. అచ్చు అక్షరాలు కరిగిపోయాయి, ఎన్నో చేతిరాత ప్రతులు బూడిదయ్యాయి. అయినా ఆ 1812లోనే ఈ మూడు సువార్తలూ తెలుగులో అచ్చయి వచ్చాయి. ఏసు పుట్టిన కథ ఉన్నది మత్తయిలోనూ లూకాలోనూ. అంటే క్రిస్మస్ కథ తెలుగు అక్షరాల్లో అచ్చయి మనవాళ్ళ చేతికి వచ్చింది అప్పుడే. కష్టపడిన ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ పుస్తకాన్ని చూడలేదు. తరవాత ఎడ్వర్డ్ ప్రిచెట్ వంటి వారు విశాఖలోనే ఉండి మిగతా పని ముందుకు తీసుకెళ్ళారు.

మనం నేర్చుకోవలసినది

ఈ కథ క్రైస్తవులకు మాత్రమే పనికొచ్చేది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

నేను మూడో తరగతిలో బడిలో చేరినప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. ఇంట్లో సవరే మాట్లాడతాం. హాజరు పిలిచినప్పుడు ఏమనాలో తెలియక నోరు మూసుకుని నిలబడ్డాను. వారం రోజులు రిజిస్టర్లో నా పేరుకు ఎదురుగా గైర్హాజరు పడింది. నేను రోజూ ముందు బెంచీలోనే ఉన్నాను! ఆ సంగతి తెలిసి పిల్లలంతా నవ్వారు. నేను రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. చివరికి పై క్లాసు అన్న ఒకరు, మా భాష వచ్చినవాడే, పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా చెప్పాడు. ఆ అన్న లేకపోతే సంక్రాంతికి ఇంటికెళ్ళినవాణ్ణి మళ్ళీ వచ్చేవాణ్ణి కాదు.

మన భాష కోసం కూడా ఒక మహానుభావుడు ఇలాగే కూర్చున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. కొండల్లో తిరిగి జ్వరాల పాలయ్యి, కొయినా మందు ఎక్కువగా వాడి, వినికిడి పోగొట్టుకున్నారు. అయినా సవర వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. తెలుగు పుస్తకాలు జనం మాట్లాడే భాషలోనే ఉండాలని పోరాడింది కూడా ఆయనే.

డెస్ గ్రాంజెస్ పాదిరీ, గిడుగు పంతులు. ఒకరి పని మతం కోసం, ఇంకొకరి పని చదువు కోసం. కానీ ఇద్దరూ చేసింది ఒకటుంది. ఎదుటివాడు నా భాష నేర్చుకుని నా దగ్గరికి రావాలి అనుకోలేదు. నేనే వాడి భాష నేర్చుకుని వాడి దగ్గరికి వెళ్ళాలి అనుకున్నారు.

ఈ ఏడు మన హాస్టలుకు కొండ ఊళ్ళ నుంచి చిన్న గుంటలు కొత్తగా వచ్చారు. కొందరు రాత్రిళ్ళు ఏడుస్తున్నారు. అన్నం చాలకపోయినా ఇంకొంచెం పెట్టమని అడగడానికి మాట రాక లేచిపోతున్నారు. ఇది నేను కళ్ళారా చూశాను. వార్డెన్ మాస్టార్లు కూడా గమనించాలని మనవి.

అందుకని మేం కొందరం కలిసి ఈ గోడపత్రిక కింద ఒక నోటు పుస్తకం దారంతో కట్టాం. పక్కన పెన్సిలు ఉంది. ఎడమ పక్క తెలుగు మాట రాయండి. కుడి పక్క అదే మాటను సవరలోనో, మీ ఇంటి భాషలోనో తెలుగు అక్షరాలతో రాయండి. అన్నం, నీళ్ళు, కడుపు నొప్పి, దుప్పటి, అమ్మ దగ్గరికి వెళ్ళాలి, ఇలాంటివి ముందు రాయండి. వంటమ్మకూ, నైట్ డ్యూటీ మాస్టారికీ కూడా పనికొస్తాయి. క్రిస్మస్ సెలవుకు ఇంటికెళ్ళే వాళ్ళు తాతనూ అవ్వనూ అడిగి నాలుగు కొత్త మాటలు తెండి.

పెన్సిలు మాత్రం ఎవరూ పట్టుకుపోవద్దు.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.