లూకాస్ మహాశయుని లెక్క

లెక్కలు వ్రాసి జీవించు నావంటివానికి ఒక సంగతి అనుభవమున తెలియును. చిట్టాకును ఖాతాకును కూడిక కుదరనినాడు తప్పున్నదని ముందే తేలును. అది యే పుటలో దాగినదో కనుగొనుటకు మాత్రము రాత్రులు పట్టును. ఈ రెండును వేర్వేరు జ్ఞానములని మహాసంఖ్యల విషయమున నిరూపించినవాడు ఎడ్వార్డ్ లూకాస్.

ఈయన 1842లో ఫ్రాన్సు దేశమందలి ఆమియెన్ పట్టణమున జన్మించెను. పారిస్ వేధశాలలో కొంతకాలము పనిచేసి, 1870లో ప్రష్యాతో యుద్ధము రాగా ఫిరంగిదళమున అధికారియై, పిదప గణితోపాధ్యాయుడుగా జీవితము గడపెను.

ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధానసంఖ్య. రెండును ఎన్ని మారులు వేసి గుణించి ఒకటి తీసివేసినచో ప్రధానసంఖ్య వచ్చునో, మెర్సెన్ అను క్రైస్తవ సన్న్యాసి 1644లో ఒక పట్టిక ప్రకటించెను. అందు 67, 127 ఉండెను. రెండువందల యేండ్లకు పైగా ఆ రెంటిని తేల్చినవారు లేరు.

127 మారులు గుణించగా వచ్చు సంఖ్యకు 39 అంకెలు: 170141183460469231731687303715884105727. భాజకములను వరుసగా వెదకవలెనన్న ఇరువది అంకెల సంఖ్యలవరకు పోవలెను. నూరు జన్మములు చాలవు.

లూకాస్ భాజకములను వెదకలేదు. 3తో మొదలిడి, దానిని వర్గముచేసి, 2 తీసివేసి, పరీక్షింపవలసిన సంఖ్యచే భాగించి, శేషమును మాత్రము నిలుపుకొని, మరల నట్లే చేయుట ఆయన మార్గము. రెండును ఏడు మారులు గుణించి ఒకటి తీసిన 127 చెంత చదువరులే చేసి చూడవచ్చును: 3, 7, 47, 48, 16, తుదకు సున్న. సున్న వచ్చినది గనుక 127 ప్రధానసంఖ్య. పెద్దసంఖ్యకు ఈ పని 125 మారులు చేయవలెను. అది ప్రధానసంఖ్యయే యని 1876లో ఆయన ప్రకటించెను. 1951 వరకు అంతకు మించిన ప్రధానసంఖ్య లోకమునకు తెలియదు.

ఆ యేడే 67వ దానికి చెందిన సంఖ్య ప్రధానము కాదని తేల్చి, మెర్సెన్ పట్టికలోని తప్పును బయటపెట్టెను. భాజకములు మాత్రము తెలియలేదు. అవి 193707721, 761838257287 అని 1903లో అమెరికాలో కోల్ అను ఆచార్యుడు చూపెను. తప్పున్న పుట అప్పటికి దొరకినది.

1883లో లూకాస్ వెలువరించిన హనోయి గోపురమను ఆటకు, కాశీ ఆలయమున 64 బంగారు బిళ్లలను మార్చు పూజారుల కథ జతపడినది. బిళ్లలు 127 అయినచో, కనీసము కావలసిన కదలింపులు సరిగా ఆ 39 అంకెల సంఖ్యయే.

1891లో ఒక విందున వడ్డించువాని చేతి పాత్ర జారి పగిలి, పెంకొకటి లూకాస్ చెంపకు తగిలెను. ఆ గాయము విషమించి కొలదిదినములకే, 49వ యేట, కన్నుమూసెను. ఆయన మార్గమును 1930లో లేమర్ సంస్కరించెను. 2024లో కనుగొన్న, నాలుగు కోట్లకు పైగా అంకెలుగల ప్రధానసంఖ్యను యంత్రములు నిర్ధారించినదియు ఆ మార్గముననే.

పెద్దలు వ్రాసినదైనను కూడి చూచుకొనవలెను. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మనకు నేర్పుచున్నది ఇదియే గదా!