భయమెరిగిన మహాకాయుడు: బిగ్ డాడీ లిప్స్‌కాంబ్

క్రికెట్టు, కబడ్డీలకు అలవాటుపడిన మన గ్రామాలకు అమెరికన్ ఫుట్‌బాల్ అంతగా పరిచయం లేని క్రీడ. పేరుకు ఫుట్‌బాల్ అయినప్పటికీ అందులో బంతి ఎక్కువగా చేతులలోనే ఉంటుంది. ఒక్కొక్క పక్షమున పదకొండుగురు నిలుస్తారు. బంతి గల పక్షం నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. వారిని సాగనీయక, ఎదుట గోడవలె నిలిచేవారే రక్షణ పంక్తి ఆటగాళ్లు. కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టి నిలిపేవారి పని ఎటువంటిదో, వీరి పనీ ఇంచుమించు అటువంటిదే. 1950వ దశకంలో ఆ పంక్తికి పేరు తెచ్చిన మహాకాయుడు యూజీన్ లిప్స్‌కాంబ్. లోకం అతనిని బిగ్ డాడీ అని పిలిచింది.

అతడు 1931 ఆగస్టు 9న అలబామా రాష్ట్రంలోని యూనియన్‌టౌన్‌లో ఒక నల్లజాతి కుటుంబమున జన్మించాడు. తండ్రిని బాల్యంలోనే కోల్పోయాడు. తల్లితో డెట్రాయిట్ నగరం చేరాడు. పదకొండవ ఏట, ఆ తల్లి బస్సు కోసం వేచియుండగా కత్తిపోట్లకు గురై హతురాలైంది. అటుపిమ్మట తాతగారి కఠిన శిక్షణలో పెరిగాడు. తన తిండికీ బట్టకూ తానే సంపాదించుకోవలసి వచ్చి, గిన్నెలు కడిగాడు, లారీలకు సరుకులెత్తాడు, ఉక్కు కర్మాగారంలో రాత్రిపని చేసి తెల్లవారి బడికి వెళ్లాడు. ఆ చదువూ పూర్తి కాలేదు.

బడి విడిచి నౌకాపదాతి దళమైన మెరీన్స్‌లో చేరాడు. అక్కడి జట్టులో అతని ఆట చూసిన లాస్ ఏంజెలెస్ రామ్స్ వారు 1953లో తమ జట్టులోకి తీసుకున్నారు. ఆ రోజులలో ఆటగాళ్లలో అత్యధికులు కళాశాలల నుండి వచ్చేవారు. లిప్స్‌కాంబ్ కళాశాల గడప తొక్కలేదు. 1956లో రామ్స్ అతనిని వదులుకోగా, బాల్టిమోర్ కోల్ట్స్ కేవలం 100 డాలర్లు చెల్లించి చేర్చుకున్నది.

ఆరున్నర అడుగుల ఎత్తు, సుమారు 130 కిలోల బరువు ఉండి కూడా మైదానం ఈ అంచు నుండి ఆ అంచుకు పరుగెత్తి ప్రత్యర్థిని పట్టగలగడం అతని విశేషం. 1958 డిసెంబరు 28న న్యూయార్క్ జెయింట్స్‌తో జరిగిన తుది పోరు క్రీడాచరిత్రలో నిలిచిపోయింది. ఆట చివరి ఘట్టంలో జినో మార్కెట్టి, లిప్స్‌కాంబ్ కలిసి ఫ్రాంక్ గిఫర్డ్‌ను నిలిపివేశారు. ఆ తోపులాటలో లిప్స్‌కాంబ్ మీద పడగా సహచరుడైన మార్కెట్టి కాలు విరిగింది. కాని పది గజాలు పూర్తికాక జెయింట్స్ బంతిని వదులుకోవలసి వచ్చింది. కోల్ట్స్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 23-17తో గెలిచింది. 1959లోనూ ఆ జట్టే విజేత.

పడగొట్టినవానికి చేయిచ్చి లేపడం అతని అలవాటు. చూసే పిల్లలు తనను దుర్మార్గుడనుకోరాదని అతని తలంపు. బాల్టిమోర్ వీధులలో చెప్పులు లేని పిల్లలు కనబడితే దుకాణానికి తీసుకొనిపోయి జోళ్లు కొనిపెట్టేవాడని ప్రతీతి. అంతటివాడు రాత్రివేళ గది తలుపునకు మంచం అడ్డుపెట్టి పడుకునేవాడు. చిన్ననాటి భయం తనను వదలలేదని 1960లో ఒక ప్రసిద్ధ పత్రికలో బాహాటంగా వెల్లడించాడు.

1961లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు మారాడు. 1963 జనవరిలో మేటి ఆటగాళ్ల పోటీ అయిన ప్రో బౌల్‌లో పంక్తి ఆటగాళ్లలో ఉత్తముడిగా నిలిచాడు. నాలుగు నెలలకే, మే 10న, బాల్టిమోర్‌లో మరణించాడు. అప్పటికి వయస్సు ముప్పైయొకటి. హెరాయిన్ మోతాదు మించడమే కారణమని వైద్యులు తేల్చారు. సూదిమందంటేనే బెదిరే మనిషి ఆ పని ఎలా చేస్తాడని మిత్రులు నమ్మలేదు. ఆ సందేహం నేటికీ వీడలేదు. కడసారి చూపుకు వేలాది జనం బారులు తీరారు.

పాఠకులు గమనించవలసిన విషయమొకటి ఉన్నది. తల్లి లేని ఆ బాలుని దుఃఖాన్ని పదకొండవ ఏట ఎవరూ విచారించలేదు. ఎత్తుగా, బలంగా ఉన్న పిల్లవానికి ఓదార్పు అవసరం లేదని పెద్దలు అనుకోవడం పరిపాటి. మన బడులలోనూ అటువంటి పిల్లలు వెనుక బల్లలపై కూర్చుంటారు. వారిని పలకరించడానికి పెద్ద చదువులు అక్కరలేదు.